ల్యాబ్ లేని బడిలో సైన్స్ ఎలా చేయించాలి?

ప్రశ్న: తిరుపతికి దగ్గర్లోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ)గా పనిచేస్తున్నాను. బడిలో ఇద్దరమే టీచర్లం. 3, 4, 5 తరగతుల పిల్లలు 28 మంది నా దగ్గరే, ఒకే గదిలో కూర్చుంటారు. ట్రైనింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ 'చెప్పడం తగ్గించండి, పిల్లలతో చేయించండి' అంటారు. మాకు ల్యాబ్ లేదు, సామాను లేదు. ఒకసారి ఏదో చేయిద్దామని చూస్తే గదంతా గోల. పక్క గదిలో ఒకటో తరగతి పాఠం ఆగిపోయింది. సిలబస్ వెనకబడుతుందని ఒకటే టెన్షన్. 'మేడం పిల్లోళ్లను ఆడిస్తా ఉంది' అని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు కూడా. మొన్న నాలుగో తరగతి పిల్లాడు ఒకడు చల్లనీళ్ల బాటిల్ మీద పట్టిన తడి చూపించి 'మేడం, దీనికి చిల్లు పడిందా?' అని అడిగాడు. గాలిలోని నీటి ఆవిరి చల్లబడి నీళ్లయిందని చెప్పాను. తలూపాడు గానీ, అర్థం కాలేదని వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేనెక్కడ మొదలుపెట్టాలి?
— ఒక టీచర్, తిరుపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ పిల్లాడి ప్రశ్న. మీరు అక్కడే మొదలుపెట్టండి. వాడు ఉత్తినే 'ఇదేంటి' అని అడగలేదు, తనకు తోచిన కారణం కూడా చెప్పాడు: చిల్లు. అది తప్పే కావచ్చు. కానీ నిజమో కాదో తేల్చుకోవడానికి వీలున్న మాట. ఐదో తరగతి లోపు పిల్లలకు సైన్స్ అంటే నా ఉద్దేశంలో ఇదే. తనకొక ఊహ ఉండాలి, దాన్ని తన చేతులతో తేల్చుకోవాలి, తేలినదాన్ని తన మాటల్లో చెప్పాలి. ఈ మూడింట్లో మొదటిది వదిలేసి చేతులకు మాత్రం పని పెడితే పిల్లలు సరదాపడతారు గానీ నేర్చుకునేది తక్కువ.

ఆ చిల్లు సంగతి క్లాసులో ఎలా తేల్చవచ్చో చూద్దాం. చల్లటి గ్లాసు బయట ఈ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయని అందరినీ అడగండి. వచ్చిన ప్రతి జవాబునూ చెప్పినవాళ్ల పేరుతో సహా బోర్డు మీద రాయండి. చిల్లు పడిందని ఒకరు, పైనుంచి పొర్లిందని ఒకరు, ఐస్ కరిగి బయటికొచ్చిందని ఒకరు చెబుతారు. అక్కకో అన్నకో పాఠం చెబుతుంటే విన్న పిల్ల ఒకతె 'గాలిలోనుంచి' అనవచ్చు. ఏదీ రైటనీ తప్పనీ అనకండి. మీ ముఖంలో కూడా తెలియనివ్వకండి. పిల్లలు టీచర్ ముఖం చూసి జవాబు మార్చుకోవడంలో ఆరితేరినవాళ్లు.

ఇప్పుడు ఒక్క మాట అడగండి: 'చిల్లే ఉంటే, లోపల రంగునీళ్లు పోస్తే ఏం కావాలి?' బయటికొచ్చే నీళ్లకూ రంగుండాలని పిల్లలే చెబుతారు. ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో నాలుగు చుక్కలు సిరా కలిపిన నీళ్లు పోయించండి. ఒక దాంట్లో ఐసు ముక్కలు వేసి, రెండోది అలాగే ఉంచండి. కాసేపయ్యాక రెండింటినీ బయటివైపు తెల్లకాగితంతో తుడవమనండి. ఐసున్న గ్లాసును తుడిచిన కాగితం తడుస్తుంది, కానీ తెల్లగానే ఉంటుంది. రెండో గ్లాసు కాగితం అసలు తడవనే తడవదు. పైనుంచి పొర్లిందన్న పిల్ల ఒప్పుకోకపోతే గ్లాసు మీద మూత పెట్టి మళ్లీ చేయించండి. 'ఐసు నీళ్లే ఎలాగో బయటికొస్తున్నాయి' అని ఇంకా పట్టుబట్టేవాళ్లు ఉంటే సంతోషించండి, వాళ్లు నిజంగా ఆలోచిస్తున్నారన్నమాట. బడి దగ్గర కూల్‌డ్రింకుల అంగడి ఉంటే ఖాళీ గ్లాసు ఒకటి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టించి, పిల్లల ఎదురుగానే బయటికి తీయించండి. లోపల చుక్క నీళ్లు లేకపోయినా గ్లాసు మీద తడి పడుతుంది. అక్కడితో చిల్లు మాట పోతుంది. దాన్ని తప్పని చెప్పింది మీరు కాదు, గ్లాసు.

'మరి ఎక్కడినుంచి?' అన్న ప్రశ్న మిగిలినప్పుడే నీటి ఆవిరి అనే మాట వాళ్లకు కావలసి వస్తుంది. అప్పుడు చెప్పండి. ఆరేసిన బట్టల్లోని నీళ్లు ఎటు పోతున్నాయో అడిగితే సగం వాళ్లే కలుపుకుంటారు. ఇంకో మెట్టు ఎక్కించాలంటే, ఐసు వేసినప్పటినుంచి మొదటి చుక్క జారేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టించి ఆ అంకె గోడ చార్టు మీద రాయించండి. ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో, ఈశాన్య రుతుపవనాల వానలు పట్టిన నవంబరులో ఇదే పని చేయించండి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు తడి తొందరగా పడుతుంది. పిల్లలు రాసుకున్న అంకెల్లో అది కనబడుతుందేమో వాళ్లనే చూడమనండి.

ఇక మీ క్లాసు గోల సంగతి. 28 మందినీ ఒకే బల్ల చుట్టూ నిలబెట్టి టీచర్ చేసి చూపిస్తే ముందున్న ఆరుగురికే కనబడుతుంది. మిగతా వాళ్లు తోసుకుంటారు, గోల అక్కడ పుడుతుంది. నలుగురేసి చొప్పున ఏడు జట్లు చేయండి. ప్రతి జట్టులో ఐదో తరగతి పిల్ల ఒకతె, మూడో తరగతి పిల్లాడు ఒకడు ఉండేలా చూడండి. సామాను తెచ్చి మళ్లీ సర్దేవాళ్లు ఒకరు, చేసేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు, చివర్లో క్లాసుకు చెప్పేవాళ్లు ఒకరు. వారం వారం పని మారాలి. మారకపోతే చురుకైన పిల్లే ఎప్పుడూ చేస్తుంది, బెరుకున్న పిల్ల ఎప్పుడూ సర్దుతుంది. ఆడపిల్లల చేత రాయించి మగపిల్లల చేత చేయించే అలవాటు కూడా మనకు తెలియకుండానే వస్తుంది, గమనించుకోండి. మీరు ప్రశ్న అడిగినప్పుడు మాత్రం చేతులు కట్టుకోవాలని ఒక గుర్తు పెట్టుకోండి. పని జరుగుతున్నప్పుడు వచ్చే మాటల గోలకు భయపడకండి. 'నువ్వు ఎక్కువ పోశావ్, మళ్లీ చెయ్' అని వాళ్లు పోట్లాడుకుంటుంటే అది చదువే. పక్క గది ఇబ్బంది పడకుండా ఆ పీరియడ్ వరండాలోనో చెట్టు కిందో పెట్టుకోండి.

మూడు తరగతులు ఒకేచోట ఉండటాన్ని లోటనుకోకండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం ఇలాంటి కలిపి కూర్చునే తరగతులకే ఒక పద్ధతి తయారుచేశారు. పిల్లలు కార్డులు తీసుకుని తమ మెట్టు నుంచి తాము ముందుకెళ్తారు, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చూపిస్తారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. మీరు అంత చేయక్కర్లేదు. ఒక్కో పనికి ఒక అట్టముక్క మీద నాలుగు వాక్యాలు రాసి జట్టుకొకటి ఇస్తే చాలు. ఐదో తరగతి పిల్ల చదువుతుంది, మూడో తరగతి పిల్లాడు చేస్తాడు.

సామాను లేదన్నారు. మన ప్రాంతంలో ఉన్నదంతా సామానే. జూన్‌లో బడి తెరిచేసరికి తోతాపురి మామిడి చేతిలో ఉంటుంది. బక్కెట్ నీళ్లలో వేయించండి. సాధారణంగా లేత కాయ తేలుతుంది, ముదిరిన కాయ మునుగుతుంది. కోతకు వచ్చిందో లేదో చూడటానికి ఇదొక గుర్తు. బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అని నమ్మే పిల్లలకు ఒక పెద్ద లేత కాయ, ఒక చిన్న ముదురు కాయ ఇచ్చి చూడండి. తర్వాత మట్టి ముద్ద మునుగుతుందని చూపించి, అదే మట్టితో తేలేది ఏదైనా చేయమనండి. ఒక పీరియడ్ ఇట్టే అయిపోతుంది. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్లు చుక్క వేస్తే ఎర్రగా అవుతుంది, నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపవుతుంది. పెళ్లిళ్లలో పారాణి చూసిన పిల్లలు వెంటనే గుర్తుపడతారు. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. సబ్బు చాలు.

వీటన్నిటికంటే చెనక్కాయ (వేరుశనగ) మీద నాకు అభిమానం ఎక్కువ. చెనక్కాయ వేరుకు కాస్తుందా, కొమ్మకు కాస్తుందా? మీ పిల్లల్నే అడగండి. సేద్యం చేసే ఇళ్ల పిల్లలు కూడా చాలామంది వేరుకే అంటారు. మట్టిలోనుంచి పీకేది కాబట్టి అలా అనుకోవడం సహజం. వేయించని గింజలు తడిగుడ్డలో చుట్టి పెడితే కొద్ది రోజుల్లో మొలకెత్తుతాయి. పక్కన నాలుగు వేయించిన గింజలు కూడా పెట్టించండి, అవి మొలకెత్తవు. ఎందుకని వాళ్లే అడుగుతారు. మొలకల్ని పాత పెయింట్ డబ్బాల్లో నాటండి. నెల తిరిగేసరికి పసుపుపచ్చటి పూలు పూస్తాయి. పూత వాడిపోయాక ఆ పూవున్నచోటు నుంచే సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటుంది. దాని కొస మట్టి లోపల ఉబ్బి కాయవుతుంది. ఊడలు దిగడం గురించి మీ పిల్లల తండ్రులకు తెలియనిది లేదు, కానీ పిల్లలు దాన్ని వంగి కళ్లతో చూసి ఉండరు. భూతద్దం ఉంటే ఇవ్వండి. ఒక మొక్క కింద మట్టిమీద ప్లాస్టిక్ కాగితం పరిచి కొన్ని ఊడలు మట్టిలోకి దిగకుండా ఆపమనండి. అవి కాయలు కావు. అప్పుడు జవాబు వాళ్లకే తెలుస్తుంది.

అదే మొక్కను జాగ్రత్తగా పీకి వేర్లు కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. మీరే బ్లేడుతో ఒకదాన్ని కోసి చూపించండి, బ్లేడు పిల్లలకు వద్దు. బాగా పనిచేస్తున్న బుడిపె లోపల గులాబీ రంగులో ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందేలా చేసే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. ఐదో తరగతికి ఈ మాత్రం చాలు. గులాబీ రంగు చూసిన పిల్లలు పేరు మరిచిపోయినా ఆ సంగతి మరిచిపోరు.

సిలబస్ భయానికి వస్తాను. మూడు నుంచి ఐదు వరకు మనకున్నది పరిసరాల విజ్ఞానం. మొక్కలు, నీళ్లు, ఆహారం, గాలి, ఇల్లు, వీటి చుట్టే పాఠాలుంటాయి. కాబట్టి పాఠం వేరు, ప్రయోగం వేరు అని రెండు పనులు పెట్టుకోకండి. చేసిన తర్వాత పుస్తకం తెరవండి. పుస్తకంలో ఉన్నది చదివి 'మనం చూసింది ఇదేనా, తేడా ఏమన్నా ఉందా' అని అడగండి. ఆ తర్వాత ప్రతి పిల్లా నోట్‌బుక్‌లో ఒక బొమ్మ, మూడు వాక్యాలు రాయాలి: ఏమవుతుందనుకున్నాను, ఏమైంది, ఎందుకనుకుంటున్నాను. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో 'ఏం గమనించారో రాయండి' అని వచ్చే ప్రశ్నకు ఇంతకంటే మంచి సాధన లేదు. బోర్డు మీద రాసి దించుకోమనే జవాబులు ఆ పీరియడ్‌కు ఆపేయండి. అక్షర దోషాలు దిద్దండి, ఊహలు దిద్దకండి.

సర్కారు బడుల్లో ఇదంతా జరిగే పని కాదని ఎవరైనా అంటే హోషంగాబాద్ సంగతి చెప్పండి. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక కార్యక్రమం మొదలైంది. పిల్లలు జట్లుగా ప్రయోగాలు చేసి, తాము చూసినదాన్నిబట్టి పాఠం అల్లుకునేవాళ్లు. పరీక్షలో పుస్తకం చూసి రాయవచ్చు, పైగా ప్రయోగ పరీక్ష ఉండేది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసేదాకా 30 ఏళ్లు నడిచింది. అక్కడి ఉపాధ్యాయులూ మీలాంటి మామూలు సర్కారు టీచర్లే. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో రకరకాల ఆకారాలు కట్టించే అరవింద్ గుప్తా గారి పని మొదలైంది కూడా ఆ కార్యక్రమంతోనే.

జవాబు మీకే తెలియని ప్రశ్న వస్తుంది, తప్పకుండా వస్తుంది. 'నాకు తెలీదు నాన్నా, ఎలా కనుక్కుందాం?' అనండి. పిల్లల దగ్గర ఏ గౌరవమూ తగ్గదు. ఆ ప్రశ్నను ఒక చార్టు మీద అడిగిన పిల్ల పేరుతో రాసి గోడకు అంటించండి. మన చుట్టుపక్కల అడగడానికి చోట్లూ ఉన్నాయి. తిరుపతిలో అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ పిల్లలు ముట్టుకుని ఆడించి చూసే వస్తువులు ఉంటాయి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. మన తలమీద కిలోమీటర్ల ఎత్తున గాలులు ఎలా వీస్తున్నాయో అక్కడి పెద్ద రాడార్ చూస్తుంది. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం దగ్గరపడినప్పుడు పిల్లల్ని తీసుకురావచ్చా అని మీ హెచ్.ఎం. ద్వారా ముందే ఉత్తరం రాసి అడగండి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ల 172 ఎకరాల ప్రాంగణం ఉంది. పల్లె బడులకు సైన్స్ వ్యాన్లు పంపడం, టీచర్లకు శిక్షణ ఇవ్వడం వాళ్ల పని. ఇవన్నీ మంచివే. కానీ వ్యాన్ వచ్చిన రోజు ఒకటి, మీ క్లాసు జరిగే రోజులు రెండు వందలు. వారానికి ఒక్క పీరియడ్ మీరు విడవకుండా చేయించగలిగితే దాని ముందు ఏదీ సాటిరాదు. సైన్స్ ఫెయిర్ కోసం నాన్నలు రాత్రంతా కూర్చుని చేసే థర్మాకోల్ అగ్నిపర్వతాల జోలికి మాత్రం పోవద్దని నా మనవి. ఆ పిల్లకు అందులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆడిస్తున్నారన్న మాటకు కోపం తెచ్చుకోకండి. ఆ తల్లిదండ్రుల్ని బడిలోకి పిలవండి. గోడ కట్టే మేస్త్రీ ఎవరైనా ఉంటే నీళ్ల ట్యూబుతో లెవల్ ఎలా చూస్తారో పిల్లలకు చూపించమనండి. ట్యూబు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున ఎందుకు నిలుస్తాయని పిల్లలు ఆయన్నే అడుగుతారు. వంటమ్మను, గుడ్డు బాగుందో లేదో నీళ్లలో వేసి ఎలా చూస్తావని అడగమనండి. తమకు తెలిసిన పనే బడిలో చదువుగా జరుగుతుంటే ఎవరూ ఆట అనరు.

అందరినీ ఒక్కసారే పిలవాలనుకుంటే మీకు ఆగస్టులో మంచి అవకాశం ఉంది. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారుగా నిలబెట్టిన కొయ్యకు నీడ ఉండదు. ఏప్రిల్ ఆఖరి వారంలో వచ్చేది వేసవి సెలవుల్లో పోతుంది. రెండోది ఆగస్టు 16, 17, 18 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం 12.15 దాటాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వస్తుంది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఇది ఎన్నడూ కనబడదు.

దీనికి కావలసింది బడిలో ఉండే జెండా కొయ్యే. అది నిటారుగా ఉందో లేదో ముందు దారానికి రాయి కట్టి చూసుకోండి. జూలై మొదటి వారం నుంచే వారానికొకసారి మధ్యాహ్నం ఆ సమయానికి నీడ కొసన చాక్‌పీసుతో గీత పెట్టించి, తేదీ రాయించి, పొడవు స్కేలుతో కొలిపించండి. మట్టినేల అయితే చిన్న పుల్లలు గుచ్చండి. జూలైలో మధ్యాహ్నం నీడ దక్షిణం వైపు పడుతుంది. ఇది పిల్లలకే కాదు, పెద్దలకూ ఆశ్చర్యంగా ఉంటుంది. వారం వారం పొట్టిదవుతూ వచ్చి ఆగస్టు మధ్యలో కొయ్య మొదట్లోనే కలిసిపోతుంది. ఆ తర్వాత ఉత్తరం వైపు పెరగడం మొదలవుతుంది. 'వచ్చే వారం నీడ కొస ఎక్కడుంటుంది?' అని ప్రతిసారీ ముందే గుర్తు పెట్టించండి. మూడో వారానికి వాళ్ల గుర్తులు దగ్గరపడుతుంటాయి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని, నీడనే చూడాలని గట్టిగా చెప్పండి. మబ్బు పట్టే రోజులు కాబట్టి ఒక్క తేదీనే నమ్ముకోకండి. మూడు రోజులూ సిద్ధంగా ఉండండి. కొలతలు మీ దగ్గర ఉంటాయి కనుక నడినెత్తి రోజు మబ్బేసినా అటూఇటూ గీతలు చూసి ఏం జరిగిందో పిల్లలే చెప్పగలరు.

ఆగస్టు 15న జెండా పండగకు ఊరివాళ్లంతా బడికి వస్తారు కదా, అప్పుడు మీ పిల్లల చేతనే ప్రకటన చేయించండి: ఎల్లుండి మధ్యాహ్నం ఈ కొయ్యకు నీడ ఉండదు, వచ్చి చూడండి అని. గీతల పక్కన తేదీలు చదివి వివరించే పని ఐదో తరగతి వాళ్లకు ఇవ్వండి. ఆ మూడు రోజులూ భోజనం పావుగంట ఆలస్యంగా పెట్టమని వంటమ్మకు ముందే చెప్పి ఉంచండి.